మూసీ ఒడ్డు నుంచి చార్మినార్ దాకా ఇద్దరం నడిచాం: పాతబస్తీలో ఒక ఆదివారం

నడకమల్లి
సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మేం మియాపూర్‌లో ఉండబట్టి 22 ఏళ్లు. ఇన్నేళ్లలో చార్మినార్‌కి ఎన్నిసార్లు వెళ్లామో లెక్క లేదు. ఊరి నుంచి చుట్టాలు వచ్చిన ప్రతిసారీ కారులో వెళ్లడం, పార్కింగ్ కోసం చుట్టూ తిరగడం, ఒక ఫొటో, నాలుగు డజన్ల గాజులు, ఇంటికి రావడం. నిన్న మా పెళ్లిరోజు. "ఈసారి హోటలూ వద్దు, చీరా వద్దు, పాతబస్తీలో పొద్దంతా నడుద్దాం" అన్నాను మావారితో. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. "అయితే చార్మినార్ దగ్గర కాదు, మూసీ దగ్గర మొదలుపెడదాం" అన్నారు. ఆ ఒక్క మాటతో మా రోజు మొత్తం మారిపోయింది.

మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి, అఫ్జల్‌గంజ్ మీదుగా ఉస్మానియా ఆసుపత్రి వైపు నడిచాం. ఆదివారం పొద్దున్నే కాబట్టి రోడ్డు మనదే. ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారట. ఆ సంగతి ఎప్పుడో పేపర్లో చదివాను. చదవడం వేరు, దాని కింద నిలబడి తలెత్తి చూడడం వేరు. చీరలతో ఆడవాళ్లు ఎలా ఎక్కారో, చంకలో పిల్లల్ని పెట్టుకుని రాత్రంతా ఏ కొమ్మని పట్టుకున్నారో అనుకుంటే నాకు కాసేపు మాట రాలేదు.

మావారు అక్కడే చెప్పారు. మన ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి, పై చెరువు నిండితే అలుగు నీళ్లు కింది చెరువులోకి వస్తాయి. మామూలు వానకు అదే వరం. కానీ పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది, దాని కిందదీ తెగుతుంది. ఆ సెప్టెంబరులో మూసీ పైభాగంలో రెండు వందలకు పైగా చెరువులు అలా తెగాయి. ఊళ్లో 15,000 మంది దాకా పోయారని చెబుతారు. తర్వాతి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. మళ్లీ అలాంటి వరద రాకుండా కట్టినవే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. మనం గండిపేట అని పిక్నిక్కి వెళ్లే ఆ ఉస్మాన్ సాగర్ ఈ చింతచెట్టుకి చుట్టమన్నమాట!

అక్కడి నుంచి నయాపూల్. వంతెన మీద ఆగితే ఇటు ఉస్మానియా గుమ్మటాలు, అటు హైకోర్టు. హైకోర్టు 1920లో, ఆసుపత్రి భవనం 1925లో పూర్తయ్యాయి. రెండూ వరద తర్వాతవే. మదీనా చౌరస్తా దాటాక పత్తర్‌గట్టి. రోడ్డుకి రెండు వైపులా రాతి కమానులు, వాటి కింద దుకాణాలు. ఇన్నేళ్లూ అవి నిజాంల కాలం నాటి పాత కట్టడాలని మాత్రమే అనుకున్నాను. అవి కూడా వరద తర్వాత నగరాన్ని చక్కదిద్దినప్పుడు కట్టినవే.

సరిగ్గా ఆ కమానుల కింద నా కుడికాలి చెప్పు తెగింది. షాపులన్నీ మూసి ఉన్నాయి. ఎక్కడా దొరకదేమో, ఇంటికి పోవాల్సిందేమోనని టెన్షన్ పడ్డాను. ఒక మూల చెప్పులు కుట్టే పెద్దాయన అప్పుడే సంచీ విప్పుతున్నారు. నన్ను ఒక గోనె మీద కూర్చోబెట్టి, తన చెప్పులు నా కాళ్ల కింద పెట్టి, పది నిమిషాల్లో కుట్టి ఇచ్చారు. ఇరవై రూపాయలు అడిగారు. బోణీ అని యాభై ఇస్తే ముందు వద్దన్నారు, తర్వాత కళ్లకద్దుకున్నారు.

ఇక బాద్షాహీ ఆషుర్‌ఖానా. మొహర్రంలో పీర్లను నిలిపే చోటు. నేను రాయాలనుకున్నది అసలు దీని గురించే. పత్తర్‌గట్టి దగ్గర లోపలికి వెళ్లాలి. చార్మినార్ కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలోనే 1594 ప్రాంతంలో కట్టారు. గోడల నిండా మెరుగుపెట్టిన రంగు పలకలు. 1611 నాటివి. నీలం, ఆకుపచ్చ, ఆవపువ్వు లాంటి పసుపు. మా ఊళ్లో పీర్లపండక్కి ఎత్తుకొచ్చే పీర్ల ఆకారం గోడంత ఎత్తున పలకలతో తీర్చారు. ఇంకో గోడ మీద తేనెపట్టు గదుల్లా ఆరు మూలల ముక్కలు.

చూస్తూ చూస్తూ ఉంటే ఒకటి అర్థం కాలేదు. పైన ఉన్న మెరుపు కింద లేదు. వంగి దగ్గర నుంచి చూశాను. పైవాటికి పలకకీ పలకకీ మధ్య అతుకు గీత కనబడుతోంది, కిందవాటికి అతుకే లేదు. అవి పలకలు కావు, అదే ముగ్గు, అవే రంగులు, గోడ మీద కుంచెతో వేసినవి! వరద నీళ్లకు కింది పలకలు పాడైపోతే తర్వాత రంగులతో పూరించారు. పేపర్లో చదివిన వరద, గోడ మీద నాకే కనబడింది. మావారు ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆ గోడ ముందు పావుగంట కూర్చున్నారు. ముప్ఫై ఏళ్లు నీళ్లతో పనిచేసిన మనిషి కదా.

తర్వాత చార్‌కమాన్, ఆ నాలుగు కమానుల మధ్యనున్న గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, చార్మినార్, మక్కా మసీదు, నిజాంల చౌమహల్లా ప్యాలెస్, సాయంత్రం పురానాపూల్ వంతెన. ఫోన్లో 14,000 అడుగులు చూపించింది. నిద్ర ముంచుకొస్తోంది, మిగతాది రేపు రాస్తాను.

తెనాలి తాతయ్య
సోమవారం, రాత్రి 10:02

అమ్మా, చాలా బాగా రాశావు. చింతచెట్టు దగ్గర నాకూ కళ్లు చెమర్చాయి. నాకు 71, మా ఆవిడకు 66. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మేం ఈ నడక చేయగలమా? కూర్చోవడానికి చోటుంటుందా? బాత్రూముల సంగతేమిటి? ఇవి ఎవరూ రాయరు, ప్రయాణం చేసేవాళ్లకు మాత్రం మొదటి ప్రశ్న అదే.

నడకమల్లి
మంగళవారం, ఉదయం 6:35

బాబాయి గారూ, తప్పకుండా చేయగలరు, కానీ మొత్తం ఒక్కరోజులో పెట్టుకోకండి. మదీనా దాకా ఆటోలో వచ్చేయండి. అక్కడి నుంచి చార్మినార్ దాకా నేల సమంగానే ఉంటుంది. మధ్యలో ఆషుర్‌ఖానాలో కూర్చోవచ్చు. చార్మినార్ చుట్టూ వాహనాలు రానివ్వని చోటు ఉంది కాబట్టి అక్కడ నడవడం హాయి. పిన్నిగారిని చార్మినార్ మాత్రం ఎక్కించకండి. మెట్లు ఇరుకు, నిటారు, మెలికలు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుందామంటే వెనక జనం. నేనే ఎక్కలేదు. మావారు పైకెళ్లి చేయి ఊపుతుంటే కింద ఇరానీ చాయ్ పట్టుకుని చూశాను. ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి తినే సుఖం ఆయనకు పైన దొరకలేదు.

బాత్రూముకు సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా నయం. రెండూ టికెట్ ఉన్న చోట్లే, శుక్రవారం రెండింటికీ సెలవు. ఆడవాళ్లం పొద్దున బయల్దేరినప్పుడే ఇది లెక్కలో పెట్టుకోవాలి. నేను నీళ్లు తక్కువ తాగి మధ్యాహ్నానికి తలనొప్పి తెచ్చుకున్నాను. అలా చేయకండి.

హుసేనీ ఆలం కుర్రాడు
మంగళవారం, ఉదయం 8:20

అక్కా, నేను పుట్టి పెరిగింది మీరు నడిచిన గల్లీల్లోనే. మా ఇల్లు మీకు దారిలోనే తగిలి ఉంటుంది. ఆషుర్‌ఖానా గోడని అంత దగ్గరగా చూసినందుకు మీకు దండం పెట్టాలి. జనం చార్మినార్ ముందు సెల్ఫీ దిగి, దీని పక్క నుంచే వెళ్లిపోతారు.

మా ఇంట్లో ఆ వరదను "తుగ్యానీ" అంటారు. మా నానమ్మ ఎవరి వయసు చెప్పాలన్నా "తుగ్యానీకి ముందు పుట్టినాయన", "తుగ్యానీ అయినాక రెండేళ్లకు పెళ్లయింది" అనేది. ఆమె అది చూడలేదు, వాళ్ల పెద్దవాళ్ల దగ్గర విన్న లెక్క. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ రాత్రే తల్లినీ భార్యనూ కూతురినీ ముగ్గురినీ పోగొట్టుకున్నారు, ఆయన ఒక్కరే బతికారు. తర్వాత ఆయన రాసిన రుబాయీలు (నాలుగు పాదాల పద్యాలు) మా నాన్న ఇప్పటికీ చదువుతారు.

ఒక సలహా. పాతబస్తీకి ఆదివారం పొద్దున మంచిదే కానీ, లాడ్ బజార్ మాత్రం పదకొండు దాటితేనే తెరుచుకుంటుంది. ముందు చౌమహల్లా చూసి తర్వాత గాజుల దగ్గరికి రావాలి. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజు ఉంటుంది, ఆ వేళ చూడడానికి పోవద్దు. మిగతా రోజుల్లో తల కప్పుకుని, కాళ్లు కప్పే బట్టలతో వస్తే ఎవరైనా లోపలికి రావచ్చు.

లెక్కల మాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 1:15

చర్చ బాగుంది. చార్మినార్ గురించి ఎవరైనా రాసేలోపే ఒక మాట. ప్లేగు పోయినందుకు మొక్కుగా కట్టారని అందరూ చెప్తారు, బడిలో నేనూ అలాగే చెప్పాను. కానీ కట్టిన ఏడు 1591. అదే సంవత్సరం అక్టోబరులో హిజ్రీ, అంటే ముస్లింల క్యాలెండరు ప్రకారం, వెయ్యవ సంవత్సరం మొదలైంది. కొత్త నగరానికి నడిబొడ్డుగా, వెయ్యేళ్ల గుర్తుగా కట్టారన్న చరిత్రకారుల మాటే నాకు నమ్మదగినదిగా ఉంది. గోల్కొండలో నీళ్లు చాలక, జనం కిక్కిరిసి, మూసీకి దక్షిణాన కొత్త ఊరు వేశారు. నాలుగు దిక్కులకు నాలుగు బాటలు, మధ్యలో చార్మినార్. ఆ పథకం తెలియాలంటే కింద నిలబడి ఒక్కో కమాను లోంచి ఒక్కో రోడ్డుని చూడాలి. కారులో కూర్చుంటే అది తెలియదు. కమానుల పైనున్న గడియారాలు మాత్రం చాలా తర్వాత, 1889లో పెట్టినవి.

గోదారి గట్టు
మంగళవారం, సాయంత్రం 6:48

నా అనుభవం వేరు, చెప్పకుండా ఉండలేను. పోయిన ఏడాది మేమిద్దరం శనివారం సాయంత్రం వెళ్లాం. నడవడానికి చోటు లేదు, బండ్లు కాళ్ల మీదికి వస్తాయి, దుమ్ము, హారన్లు. ఒక షాపులో గాజులకు చెప్పిన ధర, పక్క షాపులో దానికి సగం. మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. అంత గొప్ప కట్టడాల మీద పోస్టర్లు, వైర్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. రాజమండ్రిలో గోదారి గట్టు మీద నడిచినట్టు ఇక్కడ నడవచ్చని రాస్తే కొత్తవాళ్లు మోసపోతారు.

హుసేనీ ఆలం కుర్రాడు
మంగళవారం, రాత్రి 9:30

అన్నా, మీరన్నది నిజం. వదినకు అలా జరిగినందుకు బాధగా ఉంది. శనివారం సాయంత్రం మేమే చార్మినార్ వైపు పోము. ఆ వైర్లు చూసి మాకూ కడుపు మండుతుంది, అది మా ఇల్లు కదా. కానీ ఒక్కసారి పొద్దున ఏడున్నరకు రండి. గుల్జార్ హౌజ్ దగ్గర నాలుగు కమానుల మధ్య నిలబడితే పావురాల రెక్కల చప్పుడు వినబడుతుంది. అదే చోట సాయంత్రం మీ మాట మీకే వినబడదు. ఒకే ఊరు, రెండు ఊళ్లు అనిపిస్తుంది. గాజులు కొనేటప్పుడు నాకు మెసేజ్ పెట్టండి, మా అత్త వాళ్లు లక్కగాజులే చేస్తారు, తయారయ్యే చోటే చూపిస్తాను.

డల్లాస్ వదిన
బుధవారం, ఉదయం 7:05

జనవరిలో ఇండియా వస్తున్నాం. పిల్లలకు 15, 12. వాళ్లకు హైదరాబాద్ అంటే బిర్యానీ, మాల్స్, పెళ్లిళ్లు. నాకు దొరికేది ఒక్క పూట. వాళ్లు విసుక్కోకుండా ఏం చూపించాలి? మా అమ్మ లాడ్ బజార్ లక్కగాజులకు జీఐ ట్యాగ్ (ఫలానా చోటి ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని చెప్పింది, అవి చేసేటప్పుడు చూడొచ్చా?

నడకమల్లి
బుధవారం, రాత్రి 8:50

డల్లాస్ వదిన గారూ, అవును, 2024లో వచ్చింది. చేసేటప్పుడు చూడొచ్చు, నేను చూశాను. లాడ్ బజార్‌లో ఒక చిన్న కొట్టు. లోపల కుంపటి. లక్కముద్దను నిప్పు సెగకు పెట్టి, మెత్తబడ్డాక అరచేత్తో బల్ల మీద దొర్లిస్తూ కడ్డీలా సాగదీశారు. దాన్ని గుండ్రంగా వంచి, రెండు కొసలు వేడి మీదే అతికించి, కర్రకు తొడిగి సైజు సరిచేశారు. పక్కన నా కూతురు వయసు అమ్మాయి ఆ గాజు వేడిగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటీ అద్దుతోంది. లక్క చల్లారితే రాయి పట్టదు, మరీ వేడిగా ఉంటే మునిగిపోతుంది. అందుకే మధ్యలో మళ్లీ మళ్లీ సెగ చూపిస్తోంది. నేను పేరు అడిగితే నవ్వింది, తల ఎత్తలేదు, చేయి ఆపలేదు. ఆ అమ్మాయి వేలి కొసలు చూశాక నేను బేరం ఆడలేదు.

పిల్లలకైతే ఇలా చేయండి: పొద్దున చార్మినార్ ఎక్కించండి, ఆ ఇరుకు మెట్లు వాళ్లకు సరదా. కిందికి దిగాక చాయ్ బిస్కెట్. తర్వాత చౌమహల్లా, అక్కడ పాత కార్లు ఉన్నాయి, అబ్బాయిలు కదలరు. ఆ దర్బారు హాల్లో 19 షాండ్లియర్లు ఒకే చోట చూస్తే పెద్దవాళ్లకే నోట మాట రాదు. చివర్లో గాజుల కొట్టు. చింతచెట్టు కథ మాత్రం వెళ్లే దారిలో చెప్పండి, వాళ్లే చూపించమంటారు.

గోదారి గట్టు గారూ, మీ మాట నేను కాదనను. నేను రాసింది ఒక డిసెంబరు ఆదివారం పొద్దుట సంగతి. మీరు రాసిందీ ఉండాల్సిందే, వచ్చేవాళ్లకు వేళ తెలుస్తుంది.

పద్యాల పిచ్చి
గురువారం, ఉదయం 5:40

మల్లి గారూ, చివర్లో పురానాపూల్ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ వంతెన కట్టించింది ఎవరో తెలుసా? ఇబ్రహీం కులీ కుతుబ్ షా, 1578లో. అంటే హైదరాబాద్ కంటే 13 ఏళ్లు పెద్దది! ఈ ఇబ్రహీమే మన తెలుగు కవుల మల్కిభరాముడు. గద్దె ఎక్కకముందు కొన్నేళ్లు హంపీ విజయనగరంలో తలదాచుకున్నాడు, తెలుగు రుచి అక్కడే పట్టుబడి ఉంటుందని నా నమ్మకం. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన దగ్గర అధికారిగా ఉన్న అమీన్‌ఖానుకు పొన్నెగంటి తెలగన యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. ఒక్క సంస్కృత మాట లేకుండా అచ్చతెలుగులో రాసిన తొలి కావ్యం అది. గోల్కొండ సుల్తాను అంటే మనకు సంబంధం లేనివాడన్నట్టు మాట్లాడేవాళ్లకు నేను ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా అలుపు రాదు.

1908లో నయాపూల్‌తో సహా మిగతా వంతెనలు కొట్టుకుపోయాయి. మల్కిభరాముడి వంతెన దెబ్బలు తిన్నా నిలబడింది. దాని మీద మీరు నడిచి వచ్చారు. దయచేసి ఆ సాయంత్రం గురించి రాయండి.

నడకమల్లి
గురువారం, రాత్రి 9:15

పద్యాల పిచ్చి గారూ, మీ పోస్టు మావారికి చదివి వినిపించాను. ఆయన రెండుసార్లు చదివించుకున్నారు.

చౌమహల్లా నుంచి హుసేనీ ఆలం మీదుగా నడిచాం. అప్పటికి నాలుగున్నర. కాళ్లు లాగేస్తున్నాయి, ఆటో ఎక్కుదామన్నాను. ఆయన "ఇంకొంచెమే" అంటూ నా సంచీ తీసుకున్నారు. పెళ్లయిన కొత్తలో తిరుపతి మెట్ల మీద కూడా ఇదే మాట, అప్పుడూ సంచీ ఆయన దగ్గరే.

వంతెన మీదికి వెళ్తే అది వంతెనలా లేదు, కూరగాయల మార్కెట్! వాహనాలు పక్కనున్న కొత్త వంతెన మీద పోతున్నాయి. పాతదాని మీద రెండు వైపులా గోనెసంచులు పరిచి టమాటాలు, తోటకూర, గోంగూర. ఒక ముసలమ్మ పుదీనా కట్టలు కడుతూ "తీసుకోండి బిడ్డా, పొద్దుపోతుంది" అంది. నాలుగు కట్టలు తీసుకున్నాను. మావారు పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి వంగి చూశారు. నేనూ చూశాను. నీళ్లు నల్లగా ఉన్నాయి, వాసన వేస్తోంది, ఇది దాచి రాయలేను. నేను ముక్కు మూసుకున్నాను. ఆయన మాత్రం స్తంభాలు చూస్తున్నారు. "22 కమానులు. నీళ్లు పోవడానికి దారి ఇచ్చాడు, అందుకే నిలబడింది. నదికి అడ్డంగా ఎంత కడితే అంత ప్రమాదం" అన్నారు. ఆ నల్ల నీళ్లని చూస్తూ "ఎప్పటికి బాగుపడుతుందో" అని కూడా అన్నారు. గొంతు మారింది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో మీటింగుల్లో ఎన్నో మాట్లాడి ఉంటారు, నా ముందు ఒక నది గురించి అలా మాట్లాడడం అదే మొదటిసారి.

ఆ వంతెన మన తెలుగు కవులు పొగిడిన రాజుదని అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఇంకో పది నిమిషాలు నిలబడేవాళ్లం. మళ్లీ వెళ్తాం.

తెనాలి తాతయ్య
శుక్రవారం, ఉదయం 7:30

పుదీనాతో ఏం చేశావమ్మా?

నడకమల్లి
శుక్రవారం, ఉదయం 8:10

పచ్చడి బాబాయి గారూ. సోమవారం పొద్దున దోశల్లోకి.

పద్యాల పిచ్చి
శుక్రవారం, సాయంత్రం 7:20

మీ ఇద్దరికీ ఒక విన్నపం. రెండో నడక కోఠి వైపు పెట్టుకోండి. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగువాళ్లు తమ భాష కోసం నిలబెట్టుకున్న లైబ్రరీ. కొమర్రాజు లక్ష్మణరావు గారి చెయ్యి ఉన్న పని. అక్కడికి దగ్గర్లోనే పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం, మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో. 1908కి ముందు పుట్టి, వరదను చూసి, ఇంకా పుస్తకాలు ఇస్తున్న చోటు ఆ నిలయం. మీ మూసీ కథకు అతుకుతుంది.

నడకమల్లి
శుక్రవారం, రాత్రి 9:00

వచ్చే ఆదివారమే. మావారు ఇప్పటికే కొత్త చెప్పులు కొనమని గొడవ, కానీ కుట్టించుకున్న చెప్పులతోనే వస్తాను, ఆ కుట్టు బలంగా ఉంది. లైబ్రరీ ఏ వేళకు తెరుస్తారో మీరు కనుక్కుని చెప్పండి. ఇంకెవరైనా వస్తారా? హుసేనీ ఆలం తమ్ముడూ, నువ్వు తప్పక రావాలి, మీ నాన్నగారిని కూడా తీసుకురా, అమ్జద్ రుబాయీలు ఆయన నోట వినాలి.

హుసేనీ ఆలం కుర్రాడు
శుక్రవారం, రాత్రి 9:25

నాన్నకు చెప్పాను అక్కా, అప్పుడే షేర్వానీ ఇస్త్రీకి ఇచ్చారు. పొద్దున ఎనిమిదికి కోఠి బస్టాండ్ దగ్గర ఉంటాం. టిఫిన్ తినకుండా రండి.